ఇంతవరకే

స్పెసిఫికేషన్‌లో విశేషణాలు పనికిరావు.
"దృఢమైన", "మేలైన" అని రాస్తే
కోర్టులో నిలబడవని చెప్పేవాడు హాల్వర్, నాకు పని నేర్పినవాడు.
అంకె రాయి. నిమిషాలు రాయి.
ఎవరు కాల్చి చూశారో, ఎప్పుడు చూశారో రాయి.

బెర్గెన్‌లో వాన. ఎప్పటి వానో.
కట్టెతో కట్టుకుని, కాలిపోయి,
మళ్ళీ కట్టెతోనే కట్టుకున్న ఊరు ఇది.
రేవు పక్కన కొత్త గ్రంథాలయం, ఐదంతస్తులు,
నడిమధ్య మెట్లు, మెట్లకి ఒక గోడ.

ఆ గోడ కనపడకూడదంటుంది సిగ్రూన్, గీసింది ఆవిడే.
మెట్లెక్కే పిల్లకి అంతస్తు అంతస్తునా పుస్తకాలు కనపడాలట,
పుస్తకాల వెనక సముద్రం.
నాకేమో అది అరవై నిమిషాలు గోడగా ఉంటే చాలు.

మా ఇద్దరి రాజీ ఈ అద్దం.
బొటనవేలంత మందం, పొర మీద పొర,
పొరకీ పొరకీ నడుమ తేటగంజి లాంటి జిగురు.
మంచి రోజుల్లో అది ఉన్నట్టే తెలీదు.
మంట తగిలిందా,
పొంగి, తెల్లబడి, మొహం మూసుకుంటుంది.
బతుకంతా చూపించడమే పనైనది
ఒక్క గంట కోసం గుడ్డిదవుతుంది.

ట్రోండ్‌హైమ్‌లో చూశాను ఆ పరీక్ష.
కొలిమి లోపల తొమ్మిది వందల డిగ్రీలు.
బయట ఆస్‌బ్యోర్న్, తీగ చట్రంలో దూదిపింజె పట్టుకుని
అంచు దగ్గర సందు కనపడిన చోటల్లా ఆనిస్తున్నాడు.
దూది అంటుకుంటే అద్దం ఓడినట్టు.
అంత విద్యకీ చివరి సాక్షి
దిండులోంచి పీకినట్టున్న ఆ కాస్త దూది.

తర్వాత ఇంకో రకం పెట్టారు, చవకది.
అదీ పగల్లేదు. ఒక్క నాలుకనీ ఇవతలికి రానివ్వలేదు.
కాకపోతే చివరిదాకా తేటగానే ఉంది,
లోపలి మంట నన్నే చూస్తున్నట్టు.
నా చేతిలో కాఫీ.
నా కాళ్ళు నన్నడక్కుండానే
మూడడుగులు వెనక్కి వేశాయి.

మంగళవారం మీటింగులో యెర్మున్ ఆ రెండోదే బల్ల మీద పెట్టాడు.
"ధరలో మూడో వంతు. మంటని ఆపుతుందా లేదా?"
ఆపుతుంది.
"మరి?"
వేడిని ఆపదు.
"కాగితంలో రెండిటికీ అరవయ్యేగా."

హాల్వర్ ఉంటే ఏ అంకె చెప్పేవాడో.
నేను మెట్ల వెడల్పు అడిగాను.
యెర్మున్ డ్రాయింగులు తిరగేశాడు, కళ్ళజోడు వెతుక్కున్నాడు.
నూటయాభై సెంటీమీటర్లు.
ట్రోండ్‌హైమ్ సంగతి చెప్పాను, కాఫీతో సహా.
మూడడుగులు వెనక్కి వేయడానికి
ఆ మెట్ల మీద చోటెక్కడుంది?
పైనుంచి దిగేవాళ్ళలో ఒకామె చంకలో బిడ్డ ఉంటుంది కదా,
అద్దం వైపు ఉన్న చంకలో.

అతను వెంటనే ఒప్పుకోలేదు.
వానని చూశాడు కాసేపు.
"ఫ్రేమన్నా మన దగ్గరున్నది వాడుకోనీ" అన్నాడు.
అదీ కుదరదు.
పాసైంది అద్దం ఒక్కటీ కాదు.
చట్రం, మరమేకు, రబ్బరు పట్టీ,
పెళ్ళివారంతా కలిసి పాసయ్యారు.
ఒకర్ని మార్చినా పెళ్ళి చెల్లదు.
సైటులో కోయకూడదు, తొలవకూడదు.
మూలనున్న ముద్ర చెరపకూడదు.
("దిష్టిచుక్కంతే ఉంది, ఉండనీ" అంది సిగ్రూన్ మూలుగుతూ.)

నా పేరు ఎల్‌బ్యోర్గ్. అందులో నిప్పుంది, కాపాడటమూ ఉంది.
టెలెమార్క్ కొండల్లో మా అమ్మమ్మ పేరు అది.
జనవరి ఏడున పొయ్యి ముందు కూర్చుని
తాను కాస్త బీరు తాగి, నిప్పుకి కాస్త పోసి,
హద్దు చెప్పేది దానికి, పొరుగింటి ఆవుకి చెప్పినట్టు.
ఇంతవరకే రా. ఇంతకంటే వద్దు.
నిప్పు వినేదో లేదో నాకు తెలీదు.
ఆ ఇల్లు మాత్రం ఇంకా ఉంది, మసి పట్టి.

గ్రంథాలయం తెరిచిన వారానికి వెళ్ళాను.
ఒక బుడతడు పరుగున వచ్చి
లేదనుకున్న గోడకి ముక్కు కొట్టుకున్నాడు.
ఏడ్వబోయి, ఆగి,
అద్దం మీద ఊపిరి ఊది వేలితో చేప గీశాడు.
శుభ్రం చేసే బెరెకెత్ గుడ్డ పట్టుకుని పక్కనే నిలబడ్డాడు,
చేప దానంతటదే ఆరిపోయేదాకా.